రాజీనామా తర్వాత గోదావరి డెల్టా ఓటరు వేసే లెక్క

టీవీలో స్క్రోలింగ్ పడుతుంది: ఆరోపణల నేపథ్యంలో ఫలానా నేత రాజీనామా. అరగంటలో ఊరి సెంటర్‌లో ఒక వర్గం బాణసంచా కాలుస్తుంది. ఇంకో వర్గం రోడ్డు మీద టైరు కాల్చి, రాజీనామా వెనక్కి తీసుకోవాల్సిందేనని కూర్చుంటుంది. కెమెరాలకు దొరికేది ఈ రెండు గుంపులే. వీళ్ల ఓటు ముందే ఖాయమై ఉంటుంది కాబట్టి ఓటరు ఏమనుకుంటున్నాడో వీళ్లను చూసి తెలుసుకోలేం. టీ కొట్టు దగ్గర పేపరు మడిచి పక్కన పెట్టి, "చూద్దాం లెండి" అని ఊరుకున్న మూడో వర్గమే ఫలితాన్ని తేలుస్తుంది. ఈ వ్యాసం ఆ మూడో వర్గం గురించి.

క్లుప్తంగా

కుంభకోణం బయటపడి నాయకుడు తప్పుకుంటే డెల్టా ఓటరు మూడు విషయాలు చూస్తాడు. వదిలింది మంత్రి పదవా, శాసనసభ సీటా అన్నది మొదటిది. పోయిన డబ్బు ఎవరిదన్నది రెండోది. రేపటి నుంచి పని ఎవరు చేసిపెడతారన్నది మూడోది. నాయకుడు తప్పు చేశాడా లేదా అన్న చర్చ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. ఎన్నికల సమయానికి రాష్ట్రవ్యాప్త గాలి వీస్తే, ఒక్క నాయకుడి మచ్చ ఫలితంలో ఎంత పని చేసిందో విడదీసి చెప్పడం చాలా కష్టం. గోదావరి జిల్లాల ఎన్నికల చరిత్రలో దీనికి మంచి ఉదాహరణలున్నాయి.

ఖాళీ అయింది ఏ కుర్చీ?

రాజీనామా అన్న ఒక్క మాటలో కనీసం మూడు వేర్వేరు పనులున్నాయి. మంత్రి పదవికి రాజీనామా ముఖ్యమంత్రి ద్వారా గవర్నరుకు వెళ్తుంది. దాంతో ప్రభుత్వ కారు, చాంబరు పోతాయి గానీ ఎమ్మెల్యే పదవి అలాగే ఉంటుంది. ఎమ్మెల్యే పదవికి రాజీనామా స్పీకర్‌కు ఇవ్వాలి. అది ఆమోదం పొందితేనే సీటు ఖాళీ అవుతుంది, ఉప ఎన్నికకు దారి పడుతుంది. పార్టీ పదవికి రాజీనామా మాత్రం పూర్తిగా ఇంటి వ్యవహారం, దానికి చట్టంతో పని లేదు.

కుంభకోణాల్లో ఎక్కువగా కనిపించేది మొదటి రకమే. ఉమ్మడి రాష్ట్రంలో 2012 మే నెలలో ఎక్సైజ్ మంత్రి మోపిదేవి వెంకటరమణ వాన్‌పిక్ (తీరప్రాంత ఓడరేవు, పారిశ్రామికవాడ ప్రాజెక్టు) కేసులో సీబీఐ అరెస్టుకు ముందు మంత్రి పదవి వదులుకున్నారు. 2013 మేలో ధర్మాన ప్రసాదరావు, సబితా ఇంద్రారెడ్డి సీబీఐ అభియోగపత్రాల్లో పేర్లు రావడంతో మంత్రి పదవుల నుంచి తప్పుకున్నారు. పత్రికల్లో 'కళంకిత మంత్రులు' అన్న మాట స్థిరపడింది అప్పుడే. ముగ్గురూ శాసనసభ్యులుగా కొనసాగారు. అంతకు ముందు, 1992లో, ప్రైవేటు వైద్య, దంత కళాశాలల అనుమతులపై హైకోర్టు తీర్పు తర్వాత ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి నుంచి దిగిపోయారు.

లేఖలో రాసే కారణం కూడా గమనించదగ్గదే. 2009 డిసెంబరులో ఒక తెలుగు ఛానెల్‌లో వచ్చిన దృశ్యాల దుమారం మధ్య గవర్నర్ ఎన్.డి.తివారీ రాజీనామా చేసినప్పుడు లేఖలో కనిపించిన కారణం ఆరోగ్యం. 'వ్యక్తిగత కారణాలు', 'ఆరోగ్య కారణాలు', 'నైతిక బాధ్యత' అన్న మూడు మాటల్లో ఏది వాడారో చూసి సగం కథ ఊహించడం పాఠకులకు అలవాటైపోయింది. రాజీనామా అంటేనే మచ్చ అనుకోవడమూ పొరపాటే. 2022 ఏప్రిల్ 7న రాష్ట్ర మంత్రులంతా ఒకేసారి రాజీనామా ఇచ్చారు. అది మంత్రివర్గాన్ని మార్చడానికి మాత్రమే. నాలుగు రోజులకు కొత్త మంత్రివర్గం ప్రమాణం చేసింది, పాతవారిలో కొందరు అందులో మళ్లీ ఉన్నారు.

కాబట్టి రాజీనామా వార్త రాగానే డెల్టా ఊళ్లలో మొదట వినిపించే ప్రశ్న "ఎందుకు చేశాడు" అని కాదు, "దేనికి చేశాడండీ" అని. మంత్రి పదవికే అయితే చాలామంది దాన్ని శిక్షగా లెక్కలోకి తీసుకోరు. కారు మారిందంతే.

స్పీకర్ ఫార్మాట్

తెలుగు రాజకీయాల్లో చదువుతో పని లేకుండా అందరికీ తెలిసిన రాజ్యాంగ పరిభాష ఏదైనా ఉందంటే అది 'స్పీకర్ ఫార్మాట్'. రాజ్యాంగంలోని 190వ అధికరణం ప్రకారం శాసనసభ్యుడు తన సంతకంతో, స్పీకర్‌ను ఉద్దేశించి, లిఖితపూర్వకంగా రాజీనామా ఇవ్వాలి. 1974లో వచ్చిన 33వ సవరణ దీనికి ఒక షరతు కలిపింది. ఆ రాజీనామా స్వచ్ఛందం కాదని, నిజమైనది కాదని స్పీకర్‌కు అనిపిస్తే ఆమోదించకుండా ఉండవచ్చు. ఒత్తిడి పెట్టి సంతకాలు చేయించే అలవాటును ఆపడానికి వచ్చిన సవరణ ఇది. కానీ నిర్ణయం ఎప్పటిలోగా తీసుకోవాలో అందులో గడువు లేదు. ఆటంతా ఆ సందులోనే నడుస్తుంది.

టీడీపీ ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు ఉదంతం దీనికి మంచి నిదర్శనం. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు నిరసనగా ఆయన 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన రాజీనామాను 2024 జనవరిలో, రాజ్యసభ ఎన్నికల ముందు, స్పీకర్ ఆమోదించారు. దాదాపు మూడేళ్లు. అది కుంభకోణం కాదు, నిరసన. అయినా లేఖ ఇవ్వడానికి, సీటు ఖాళీ కావడానికి మధ్య ఎంత దూరం ఉండగలదో అది చూపించింది.

గడువు లెక్క రెండో వైపు నుంచీ పని చేస్తుంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 151ఏ సెక్షన్ ప్రకారం ఖాళీ ఏర్పడిన ఆరు నెలల్లో ఉప ఎన్నిక జరపాలి. సభ్యుడి పదవీకాలం ఏడాదికన్నా తక్కువ మిగిలితే ఆ అవసరం లేదు. ప్రత్యేక హోదా కోసం 2018 ఏప్రిల్‌లో ఐదుగురు వైఎస్సార్‌సీపీ ఎంపీలు ఇచ్చిన రాజీనామాలు జూన్‌లో ఆమోదం పొందాయి. అప్పటికి లోక్‌సభకు ఏడాది కూడా మిగల్లేదు. ఉప ఎన్నికలు రాలేదు.

ఇలాంటివి చూసీ చూసీ ఓటరుకు ఒక అనుమానం స్థిరపడింది. ఆమోదం వచ్చేదాకా రాజీనామా వార్త మాత్రమే, అది జరిగిపోయిన పని కాదు. 'రాజీనామా డ్రామా' అన్న మాట అంత తేలిగ్గా నోటికి రావడానికి కారణం ఇదే. కుంభకోణంలో చిక్కిన నాయకుడు నిజంగానే పశ్చాత్తాపంతో లేఖ ఇచ్చినా, అంతకు ముందు ఇతరులు ఆడిన నాటకాల బాకీ అతనే తీర్చాలి.

పోయిన డబ్బు ఎవరిది?

వేల కోట్ల కుంభకోణం కన్నా కాలవ పూడిక పనుల్లో తిన్న లక్షలు డెల్టాలో ఎక్కువ కోపం తెప్పించగలవు. వింతగా అనిపించినా దీనికి కారణముంది. ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి ఆర్థర్ కాటన్ పూర్తి చేసిన ఆనకట్ట, దాని స్థానంలో తర్వాత వచ్చిన బరాజ్ నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీళ్లు పారతాయి. ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక వేసవిలో కాలవలు కట్టేస్తారు. ఆ కొద్ది వారాల్లోనే పూడిక తీయాలి, గట్లు బాగు చేయాలి, లాకులకు మరమ్మతులు చేయాలి. సార్వాకు (ఖరీఫ్ వరికి) నీళ్లు వదిలాక పని బాగా జరగలేదని తెలిస్తే అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ ఏడాది శివారు భూమికి నీరందదు. లేదా డ్రెయిను పొంగి నాట్లు మునుగుతాయి. తప్పు జరిగిందని చెప్పడానికి కాగ్ నివేదిక అక్కర్లేదు, చేను చెబుతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు వినిపించిన ఫిర్యాదుల్లో మురుగు నీటి పారుదల ఒకటి.

ధాన్యం కొనుగోలు, ఇసుక ర్యాంపులు, ఇళ్ల స్థలాలు, రొయ్యల చెరువుల అనుమతులు కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఇసుక విషయం ముఖ్యంగా చెప్పుకోవాలి. ర్యాంపు నుంచి లారీ రాత్రంతా తిరుగుతుంటే రోడ్డు పక్క ఇంట్లో పడుకున్న మనిషి దాన్ని స్వయంగా వింటాడు. ఏ లారీ ఎవరిదో, ఎవరి పేరు చెబితే పోలీసులు ఆపరో ఊరంతటికీ తెలుసు. అందుకే ఇసుక ఆరోపణపై ఎవరైనా రాజీనామా చేస్తే అది కొత్త సమాచారం కాదు. చాలాకాలంగా తెలిసిన సంగతికి రశీదు దొరికినట్టు, అంతే. అలాంటప్పుడు మద్దతుదారులు కూడా "ఇరికించారు" అనడానికి కొంచెం వెనకాడతారు.

దీనికి భిన్నంగా, హైదరాబాదులోనో ఢిల్లీలోనో నడిచిన షేర్లు, సూట్‌కేసు కంపెనీల వ్యవహారమైతే మొత్తం ఎంత పెద్దదైనా మనసుకు ఎక్కదు. పదివేల కోట్లకు, లక్ష కోట్లకు మామూలు మనిషి చేసే లెక్కలో తేడా లేదు. అక్కడ తీర్పు చెప్పేది పార్టీ అభిమానం, లేకపోతే కులం.

కులం గురించి మాట్లాడకుండా ఈ ప్రాంత ఓటును వివరించడం కుదరదు. కాపు, శెట్టిబలిజ, ఎస్సీ, క్షత్రియ, కమ్మ, రెడ్డి, మత్స్యకార వర్గాల బలం మండలం మండలానికీ మారుతుంది. నాయకుడిపై ఆరోపణ వచ్చినప్పుడు అతని వర్గం నుంచి "మనోడు కాబట్టే పట్టుకున్నారు" అన్న మాట రావడం మామూలే. ఎదుటి వర్గం అదే ఆరోపణను రుజువైన నేరంగా తీసుకుంటుంది. అయితే ఈ కవచం అన్ని చోట్లా ఒకేలా పని చేయదు. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం ఎస్సీ రిజర్వుడు స్థానాలు. అక్కడ ప్రధాన అభ్యర్థులంతా ఎస్సీలే కాబట్టి అభ్యర్థి కులం ఒక్కటే అడ్డుగోడ కాలేదు. వాళ్ల వెనుక ఉండి చక్రం తిప్పే ఇతర వర్గాల పెద్దలు ఎటు మొగ్గుతారన్నది ఎక్కువ పని చేస్తుంది. అలాంటి చోట మచ్చపడిన నాయకుడిని వదిలించుకోవడం పార్టీకి సులువు. ఆ సులువు వెనుక ఒక అసమానత ఉందని కూడా చెప్పుకోవాలి. అదే తప్పుకు జనరల్ స్థానంలోని బలమైన నాయకుడి చుట్టూ కట్టే గోడ, రిజర్వుడు స్థానంలోని నాయకుడి చుట్టూ కట్టడానికి అంతమంది ముందుకు రారు.

2012 జూన్ ఏం చెప్పింది

కేసులు, అరెస్టుల నడుమ డెల్టా ఓటరు ఎలా వ్యవహరిస్తాడో చూడటానికి 2012 జూన్ 12 నాటి ఉప ఎన్నికలు అరుదైన అవకాశమిచ్చాయి. అప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో 18 శాసనసభ స్థానాలకు, నెల్లూరు లోక్‌సభ స్థానానికి పోలింగ్ జరిగింది. దాదాపు అన్నీ వైఎస్సార్‌సీపీ అధినేత జగన్ వెంట నడిచి, సొంత పార్టీ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానానికి ఓటేసి అనర్హులైన కాంగ్రెస్ ఎమ్మెల్యేల స్థానాలే. ప్రచారం జరుగుతుండగానే మే 27న అక్రమాస్తుల కేసులో జగన్‌ను సీబీఐ అరెస్టు చేసింది. అంటే అవినీతి కేసు నేరుగా ఎన్నికల అంశమైంది.

రాష్ట్రవ్యాప్తంగా ఓటరు అరెస్టును పట్టించుకోలేదు, లేదా దాన్ని అరెస్టు చేసినవారిపై కోపంగా మార్చుకున్నాడు. 18లో 15 స్థానాలు వైఎస్సార్‌సీపీకి వెళ్లాయి. ఒకటి తెలంగాణలోని పరకాల, టీఆర్ఎస్‌కు దక్కింది. మిగిలిన రెండు కాంగ్రెస్ గెలిచింది. ఆ రెండూ నరసాపురం, రామచంద్రపురం. రెండూ డెల్టావే. అదే ఉప ఎన్నికల్లో గోదావరి జిల్లాల మూడో స్థానమైన పోలవరం, డెల్టాకు పైన ఏజెన్సీ వైపు ఉన్నది, వైఎస్సార్‌సీపీ గెలిచింది.

దీన్ని చూసి డెల్టా ఓటరు అవినీతిని శిక్షించాడని రాసేయడం తేలిక. కానీ అది తొందరపాటు. అప్పటికి ఏడాది ముందు, 2011లో, ప్రజారాజ్యం పార్టీ కాంగ్రెస్‌లో కలిసింది. గోదావరి జిల్లాల్లో ఆ పార్టీకి 2009లో గట్టి ఓటు వచ్చింది. ఆ ఓటు, కాంగ్రెస్ సొంత ఓటు, స్థానికంగా పాతుకుపోయిన అభ్యర్థుల బలం ఒకచోట చేరాయి. రాష్ట్రంలో వీచిన సానుభూతి గాలికి ఈ రెండు చోట్లా స్థానిక లెక్క అడ్డు నిలిచింది. కేసు ప్రభావం లేదని కాదు. స్థానిక సమీకరణం తోడైన చోటే అది ఓటుగా మారిందని చెప్పవచ్చు.

వెంకటాయపాలెం తీర్పు, 34కు 34

ఇంకో ఉదాహరణ మచ్చ ప్రభావాన్ని కొలవడం ఎంత కష్టమో చూపిస్తుంది. 1996 డిసెంబరులో రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో దళిత యువకులకు శిరోముండనం చేసిన కేసు 27 ఏళ్లకు పైగా నలిగింది. 2024 ఏప్రిల్‌లో విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది. 18 నెలల జైలు శిక్ష పడిన వారిలో అప్పటి ఎమ్మెల్సీ ఒకరున్నారు. ఆయన అప్పటికే మండపేటలో వైఎస్సార్‌సీపీ అభ్యర్థి. పార్టీ అభ్యర్థిని మార్చలేదు, ఆయన తప్పుకోలేదు. సాధారణంగా రెండేళ్లు, ఆపైన శిక్ష పడితేనే చట్టం పోటీకి అడ్డొస్తుంది. మే 13న పోలింగ్ జరిగింది, ఆయన ఓడిపోయారు.

తీర్పు వల్ల ఓడారా? చెప్పలేం. ఎందుకంటే ఆ ఎన్నికల్లో ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల 34 స్థానాలనూ టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి గెలుచుకుంది. ఏ మచ్చా లేని వైఎస్సార్‌సీపీ అభ్యర్థులు కూడా ఓడిపోయారు. ఐదేళ్ల ముందు, 2019లో, అదే పార్టీ తూర్పున 19కి 14, పశ్చిమాన 15కు 13 గెలిచింది. అంతకు ముందు 2014లో పశ్చిమ గోదావరి 15 స్థానాలూ టీడీపీ, బీజేపీలవి. ఇలా గంపగుత్తగా అటూ ఇటూ ఊగే ప్రాంతంలో ఒక నాయకుడి మంచీ చెడూ గాలిలో కలిసిపోతాయి. పార్టీలకు ఈ సంగతి తెలుసు. "గాలి ఉంటే ఎవరైనా గెలుస్తారు, లేకపోతే ఎవరైనా ఓడతారు" అన్న ధీమాతోనే మచ్చ ఉన్నవారికి టికెట్లు ఇస్తుంటాయి.

మచ్చ అసలు బరువు ఎంతో తేలాలంటే గాలి లేని ఎన్నిక కావాలి. అంటే ఉప ఎన్నిక, లేదా పంచాయతీ.

రేపటి పని ఎవరు చేస్తారు?

రాజీనామా చేసిన మర్నాడు నుంచి నియోజకవర్గంలో మొదలయ్యే టెన్షన్ నైతికతకు సంబంధించినది కాదు. ముఖ్యమంత్రి సహాయ నిధి దరఖాస్తు ఎమ్మెల్యే ఆఫీసులో ఉండిపోయింది. ట్రాన్స్‌ఫర్ సిఫారసు లేఖ సగంలో ఆగింది. డ్రెయిను పనికి శంకుస్థాపన అయింది, బిల్లు కాలేదు. ఇలాంటి వాళ్లందరూ నాయకుడిని తిడుతూనే అతను పోకూడదని కోరుకుంటారు.

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు ఈ గొలుసును కొంత మార్చాయి. పింఛన్లు, సర్టిఫికెట్లు, పథకాల దరఖాస్తులు ఎమ్మెల్యే గుమ్మం దాకా వెళ్లకుండానే నడుస్తున్నాయి. వాలంటీర్లు 2024 తర్వాత లేకపోయినా పింఛను సచివాలయ సిబ్బంది చేతుల మీదుగా ఇంటికే వస్తోంది. దీనివల్ల పింఛను మాత్రమే అందుకునే వృద్ధురాలు ఎమ్మెల్యే రాజీనామాను నిర్భయంగా విమర్శించగలదు, ఆమెకు పోయేదేమీ లేదు. కాంట్రాక్టరు, చెరువుల యజమాని, స్టేషన్ గొడవలో ఉన్నవాడు అలా అనలేరు. మొత్తంగా ప్రభుత్వంతో పని ఎంత ఎక్కువుంటే నోరు అంత తక్కువ తెరుచుకుంటుంది.

ఈ ఖాళీని పార్టీలు నింపే తీరు 'ఇన్‌చార్జి'. రాజ్యాంగంలో గానీ చట్టంలో గానీ లేని ఈ పదవి నియోజకవర్గంలో ఎమ్మెల్యేతో సమానంగా చెలామణి అవుతుంది. రాజీనామా చేసిన నేత స్థానంలో పార్టీ ఎంత త్వరగా ఇన్‌చార్జిని వేస్తే ఓటరు అంత త్వరగా పాత నేతను మరిచిపోతాడు. అతని కొడుకునో, తమ్ముడినో, భార్యనో వేస్తే మాత్రం రాజీనామా ఒట్టిదేనని అందరికీ అర్థమవుతుంది. "తాళాలు ఇంట్లోనే ఉన్నాయండి" అని గోదావరి మర్యాదతోనే చురక వేస్తారు.

తిరిగి వచ్చే దారి

రాజీనామా వల్ల భవిష్యత్తులో పోటీకి ఏ అడ్డూ ఉండదు. అడ్డు వచ్చేది శిక్ష పడితేనే. 2013 జూలైలో లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, పదవిలో ఉన్నవారికి కూడా అప్పీలు పేరుతో మూడు నెలలు ఊపిరి తీసుకునే వెసులుబాటు పోయింది. కానీ విచారణలు దశాబ్దాలు సాగే చోట రాజీనామాకూ తీర్పుకూ మధ్య రెండు మూడు ఎన్నికలు గడిచిపోతాయి.

దేశంలో తిరిగి వచ్చినవారి జాబితా చిన్నదేమీ కాదు. ముంద్రా వ్యవహారంలో (వ్యాపారి ముంద్రా కంపెనీల్లో ఎల్ఐసీ డబ్బు పెట్టిన వివాదం) 1958లో ఆర్థిక మంత్రి పదవి వదిలిన టి.టి.కృష్ణమాచారి 1962లో మళ్లీ కేంద్ర మంత్రివర్గంలో ఉన్నారు. ముంబైలోని ఆదర్శ్ హౌసింగ్ సొసైటీ ఫ్లాట్ల వివాదంలో 2010 నవంబరులో మహారాష్ట్ర ముఖ్యమంత్రి పదవి పోగొట్టుకున్న అశోక్ చవాన్ 2014లో, దేశమంతా కాంగ్రెస్‌కు ఎదురుగాలి వీస్తున్నప్పుడు, నాందేడ్ నుంచి లోక్‌సభకు గెలిచారు. నైతిక బాధ్యత అనగానే అందరూ చెప్పే లాల్ బహదూర్ శాస్త్రి ఉదంతంలో తెలుగు నేల కూడా ఉంది. 1956లో మహబూబ్‌నగర్ రైలు ప్రమాదం తర్వాత ఆయన ఇచ్చిన రాజీనామాను నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది అరియలూరు ప్రమాదం తర్వాత ఆమోదించారు. శాస్త్రి మీద ఆరోపణ ఏదీ లేదు. ఆరోపణ ఉన్నవారు శాస్త్రి పేరు చెప్పుకోవడం రాజీనామా ప్రెస్‌మీట్లలో మామూలైపోయింది, అది వేరే సంగతి.

ఉప ఎన్నిక వస్తే

ఇటీవలి ఉప ఎన్నికలు అధికార పార్టీ వైపే మొగ్గాయి. 2017 నంద్యాల టీడీపీకి, 2021 బద్వేలు, 2022 ఆత్మకూరు వైఎస్సార్‌సీపీకి, అంటే ఆయా సమయాల్లో ప్రభుత్వంలో ఉన్నవారికే దక్కాయి. అయితే మూడూ సభ్యుల మరణంతో వచ్చినవి. బద్వేలు, ఆత్మకూరుల్లో టీడీపీ పోటీకే దిగలేదు. కుంభకోణం వల్ల వచ్చే ఉప ఎన్నికకు వీటిని కొలబద్ద చేసుకోలేం.

కొంత దగ్గరగా వచ్చేది కర్ణాటక. 2019లో రాజీనామాలు చేసి, అనర్హులై, పార్టీ మారిన ఎమ్మెల్యేల స్థానాల్లో డిసెంబరులో ఉప ఎన్నికలు జరిగాయి. వారిలో 13 మందిని బీజేపీ మళ్లీ నిలబెడితే 11 మంది గెలిచారు. ఎలా వెళ్లారన్నది పక్కన పెట్టి, ప్రభుత్వంలో ఉన్నవాడైతే పని అవుతుందని ఓటరు లెక్క వేసుకున్నాడు. కాలవలు, డ్రెయిన్లు, ధాన్యం డబ్బులు మొత్తం సర్కారు మీద ఆధారపడే డెల్టాలో ఆ లెక్క ఇంకా బలంగా ఉండే అవకాశముంది. మచ్చపడిన నేత అధికార పార్టీ వాడైతే పార్టీ అతన్ని మార్చి సీటు కాపాడుకోవచ్చు. ప్రతిపక్షం వాడైతే మచ్చ, అధికారం లేకపోవడం రెండూ ఒకేసారి మీద పడతాయి.

రాజీనామా నిజమో కాదో తెలుసుకోవడానికి ఓటరు దగ్గర గెజిట్ కన్నా ముందు కనిపించే గుర్తులు ఇంకొన్ని ఉన్నాయి. నేత ఇంటి ముందు చెప్పుల సంఖ్య తగ్గిందా, పీఏ ఫోను ఎత్తుతున్నాడా, తహసీల్దారు బదిలీ అతనికి చెప్పే జరిగిందా అని చూస్తారు. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల పందెం బరుల దగ్గర కట్టే ఫ్లెక్సీలనూ చూస్తారు. వాటిలో పోయిన ఏడాది నడిమధ్యన ఉన్న ఫొటో ఈ ఏడాది ఏ మూలకు జరిగిందో ఊరు గమనిస్తుంది.